స్కిడ్ స్టీర్ లోడర్: డ్రైవ్ చైన్లు, స్ప్రాకెట్ల మార్పిడి

స్కిడ్ స్టీర్ లోడర్ ఇరుకు చోట్ల మట్టి, పేడ, కంకర ఎత్తిపోసే చిన్న యంత్రం. దీని చక్రాలు పక్కకు మళ్లవు. ఒక పక్క చక్రాలు నెమ్మదించినా, ఆగినా, వెనక్కి నడిచినా బండి నేలను రాసుకుంటూ తిరుగుతుంది. 1957లో అమెరికాలోని మిన్నెసోటాలో సిరిల్, లూయీ కెల్లర్ సోదరులు ఒక టర్కీ కోళ్ల రైతు కోసం మూడు చక్రాల లోడర్ తయారు చేశారు. దాన్ని అందిపుచ్చుకున్న నార్త్ డకోటాలోని మెల్రో కంపెనీ 1960లో నాలుగు చక్రాల ఎం-400ను తెచ్చింది. ఈ లోడర్లకు బాబ్‌క్యాట్ అన్న పేరు ఆ తర్వాత వచ్చింది.

1980ల నాటి బండ్లలో సాధారణంగా ప్రతి పక్కా ఒక హైడ్రాలిక్ మోటారు ఉంటుంది. దాని స్ప్రాకెట్ నుంచి ఒక చైన్ ముందు ఇరుసుకు, మరొకటి వెనక ఇరుసుకు వెళ్తాయి. ఇవన్నీ నూనె నింపిన చైన్ కేసులో మూసి ఉంటాయి కాబట్టి అరుగుదల పైకి కనిపించదు.

చైన్ సాగిందని అంటాం గానీ ఇనుము సాగదు. లింకులను కలిపే పిన్నులూ, వాటి చుట్టూ ఉన్న బుష్‌లూ అరుగుతాయి. ఒక్కో కీలు దగ్గర పెరిగే వెంట్రుకవాసి సందులన్నీ కలిసి చైన్ పొడవు పెంచుతాయి. అప్పుడు చైన్ రోలర్లు స్ప్రాకెట్ పంటి మొదట్లో కూర్చోక కొసకు ఎగబాకుతాయి, పళ్లు కొక్కేల్లా వంగుతాయి. అలాంటి పళ్ల మీద వేసిన కొత్త చైన్ కూడా త్వరగా అరిగిపోతుంది. మోటార్‌సైకిల్‌కు చైన్ సెట్ మొత్తం మార్చేదీ ఇందుకే. డబ్బు మిగులుతుందని చైన్ ఒక్కటే మార్చడం నష్టం బేరం. లోడర్ పని అంతా ముందుకూ వెనక్కూ పరుగే కనుక, దిశ మారిన ప్రతిసారీ వదులు చైన్ ఒక దెబ్బ కొడుతుంది. ఆ టక్కుమనే చప్పుడు, కుదుపు, కేసు నూనెలో ఇనుప రజను తొలి గుర్తులు.

కొలత తేలికే. 80వ నంబరు చైన్‌లో రెండు పిన్నుల మధ్య దూరం, అంటే ఒక పిచ్, 25.4 మి.మీ. చైన్‌ను బిగువుగా లాగి పట్టుకుంటే 12 పిచ్‌లు 304.8 మి.మీ. రావాలి. 3 శాతం పెరిగి 314 దగ్గరికి చేరితే మార్చాల్సిందే.

పనికి ముందు ఎత్తే చేతులను కిందకు దించాలి, లేదా వాటి తాళపు కడ్డీలు బిగించాలి. బ్యాటరీ తీగ విప్పి, నాలుగు చక్రాలూ గాలిలో ఉండేలా బండిని గట్టి స్టాండ్ల మీద నిలపాలి. జాకీని నమ్మి కింద దూరకూడదు. నూనె దించి, మూత తీశాక, జాయింట్ లింకు ఉంటే అక్కడ విప్పవచ్చు. అతుకు లేని చైన్ అయితే ఇరుసును బయటకు లాగక తప్పదు. ఇరుసు ఊడినప్పుడే బేరింగులూ సీళ్లూ చూడాలి. పాత సీలు కారితే కేసు ఎండుతుంది, కొత్త చైన్ కూడా పాడవుతుంది. పొడవు కుదరక సగం లింకు వేయడం బలహీనతను కొని తెచ్చుకోవడమే.

కేసు అడుగున పేరుకున్న బురదను పూర్తిగా తుడిచి, స్ప్రాకెట్లు ఒకే వరుసలో ఉన్నాయో లేదో బద్దతో చూసి, మాన్యువల్ చెప్పిన నూనెనే పోయాలి. బిగువు సర్దే ఏర్పాటు ఉన్న మోడళ్లలో కొన్ని గంటలు నడిపాక మళ్లీ చూడాలి.

ఒకే పక్కనున్న రెండు చక్రాలు చైన్లతో ముడిపడి ఒకే వేగంతో తిరుగుతాయి. టైర్ల చుట్టుకొలతల్లో తేడా ఉంటే ఆ పోరు చైన్ల మీదే పడుతుంది. కాబట్టి ఒకే పక్కన ఒక కొత్త టైరు, ఒక అరిగిన టైరు వేయకండి.