వేళ్ల నడుమ పొర

బిడ్డ భూమిమీద పడగానే పెద్దలు ముఖం చూస్తారు. ఆ వెంటనే వేళ్లు లెక్కపెడతారు. కాలి రెండవ వేలూ మూడవ వేలూ అంటుకొని, నడుమ పలుచని చర్మపు పొర కనిపించినదనుకోండి. ఒక ఇంట అది అదృష్టచిహ్నం, మరొక ఇంట గ్రహణదోషం. ఈ రెండు భావాలూ నేటివి కావు. మన ప్రాచీన వాఙ్మయంలో రెండింటికీ ఆధారమున్నది.

కాళిదాసు శాకుంతలంలో ఏడవ అంకం జ్ఞప్తికి తెచ్చుకొందాము. మారీచాశ్రమంలో సింహపు పిల్లను పట్టి లాగుతున్న బాలుడు బొమ్మకోసం చేయి చాచినాడు. ఆ చేతివేళ్లు వలవలె కూడియుండుట చూచి దుష్యంతుడు ఇది చక్రవర్తి లక్షణమని గుర్తించినాడు. బౌద్ధుల దీఘనికాయం ఇంకొక అడుగు ముందుకు వేసినది. మహాపురుషునికి 32 లక్షణాలుంటాయనీ, చేతులూ కాళ్లూ కూడ జాలమువలె ఉండుట వానిలో ఒకటి అనీ చెప్పినది. గాంధార శిల్పాలలో కొన్ని బుద్ధప్రతిమలకు వేళ్ల నడుమ రాతిపొర కనిపిస్తుంది. వేళ్లు విరిగిపోకుండా శిల్పులు అట్లా వదిలినారని కొందరు కళాచరిత్రకారుల అభిప్రాయం.

ఇంతవరకు వైభవమే. కాని అదే బౌద్ధుల వినయపిటకంలో, సన్న్యాసం ఈయకూడనివారి జాబితాలో, పాము పడగవంటి చేయి గలవాడున్నాడు. అయిదవ శతాబ్దంలో సింహళంలో ఉండి త్రిపిటకానికి వ్యాఖ్యలు వ్రాసిన బుద్ధఘోషునికి ఈ చిక్కు ఎదురైనది. (ఈయన జన్మస్థలం ఆంధ్రదేశమేనని కొందరు పండితులు వాదించినారు, అది ఇంకా తేలిన విషయం కాదు.) మహాపురుషుని వేళ్లు చర్మంతో అతుక్కొన్నవి కావు, అట్టివాడు సన్న్యాసానికే అర్హుడు కాడు గదా అని ఆయన సమాధానం. వేళ్లు సమప్రమాణంతో, జాలకపు గవాక్షంవలె ఒద్దికగా అమరియుండుటయే దాని అర్థమట.

నాకు అంతకంటె విలువైనదిగా తోచేది వినయపిటక వ్యాఖ్యలోని మాట. సంప్రదాయం దీనిని కూడ బుద్ధఘోషునిదిగానే చెబుతుంది. గబ్బిలపు రెక్కవలె వేళ్లు కలిసినవానికి సన్న్యాసం ఈయదలచినవారు వేళ్ల సందులను చీల్చి, నడుమ చర్మాన్ని తొలగించి, మాన్పి, ఆపైన ఈయవలెనని అందులో ఉన్నది. శాస్త్రం వద్దన్న మనిషిని వెళ్లగొట్టక, వైద్యం చేసి లోనికి తీసికొమ్మన్నారు.

అయితే చీల్చిన పొర మరల అతుక్కొంటుంది. ఎదురెదురుగా ఉన్న రెండు పచ్చిపుండ్లు సందు మొదటినుండి కలుస్తూ వస్తాయి. క్రీ.శ. 1000 ప్రాంతాన కార్డోవా నగర వైద్యుడు అల్ జహ్రావీ ఇది గ్రహించి, నడుమ గుడ్డనో పలుచని సీసపు రేకునో ఉంచుమన్నాడు. 1810లో జెల్లర్ అనే వైద్యుడు వేళ్ల వెనుకభాగాన త్రికోణాకారంలో చర్మాన్ని లేపి సందు మొదట కప్పినాడు. అయినా చర్మం చాలదు. ఒక సంచిని విప్పి రెండు సంచులు కుట్టబోతే గుడ్డ తక్కువపడదా? ఆ లోటు తీర్చటానికి 1891లో లెన్నాండర్ మరొకచోటి చర్మాన్ని తెచ్చి అతికినాడు. తిన్నని కోత మానినప్పుడు ముడుచుకొని వేలిని వంచుతుంది కనుక వంకరటింకర కోత మేలని 1956లో క్రోనిన్ నిరూపించినాడు. నేటి శస్త్రచికిత్సకు ఇవే పునాదులు.

ఇక కారణం. గర్భంలో చేయి, పాదం మొదట తెడ్డువలె ఏర్పడతాయి. ఆరవ వారం మొదలు ఎనిమిదవ వారం లోపల వేళ్ల నడుమనున్న కణాలు తమంతట తాము నశించగా వేళ్లు విడివడతాయి. కోడిపిల్ల కాలిలో జరిగే ఈ నాశనం బాతుపిల్ల కాలిలో అంతగా జరుగదు. మనిషిలోనూ అది అసంపూర్ణమైతే పొర మిగులుతుంది. తల్లి గ్రహణంనాడు బయటికి వచ్చినదా, కత్తి పట్టినదా అన్నదానితో దీనికి సంబంధం లేదు. చాల కుటుంబాలలో ఇది వంశపారంపర్యం. ఒక రకానికి కారణమైన జన్యులోపాన్ని 1996లో గుర్తించినారు. సుమారు రెండు మూడు వేల కాన్పులలో ఒకటి ఇట్లా ఉంటుందని అంచనా.

చేతివేళ్ల సంగతి తొందరపడవలసినదే. బొటనవేలు చూపుడువేలితోనో, ఉంగరపువేలు చిటికెనవేలితోనో కలిసియుంటే పొట్టివేలు పొడుగువేలిని వంచివేస్తుంది. కనుక మొదటి ఏటనే విడదీయిస్తారు. తక్కిన వేళ్లకు కొంత వ్యవధి ఉన్నది. ఎముకలు కూడ కలిసినవేమో ఎక్సురే చెబుతుంది. వేళ్లతోబాటు తల, ముఖం ఆకారంలో తేడా ఉంటే పిల్లల వైద్యునికి తప్పక చూపాలి.

కాలివేళ్ల పొర వేరు. దానితో నడకకుగాని పరుగుకుగాని ఆటంకం లేదు. కోస్తే మచ్చ మిగులుతుంది, ఒక్కొక్కప్పుడు నొప్పి కూడ. అందుచేత వైద్యులు సాధారణంగా దాని జోలికి పోవద్దంటారు. ఇంట్లో దారంతో బిగించుట, బ్లేడుతో కోయుట ప్రమాదకరం. ఆడపిల్లయితే రేపు మెట్టెలు ఎట్లా పెట్టడమని తల్లి దిగులుపడవచ్చు. పొర వేలి మొదటనే ఆగిపోతే, మెట్టెను ఆ పొర పైన నిలిచేటట్టు చేయించవచ్చు. పూర్తిగా కలిసియుంటే రెండు వేళ్లనూ చుట్టివచ్చే మెట్టెను కొలత ఇచ్చి కంసాలిచేత చేయించుకోవచ్చు.