పులికాట్ గెల్డ్రియా కోట: బట్టలు, బియ్యం, బానిసలు

పులికాట్ సరస్సు దక్షిణపు కొసన, సముద్రపు మొగకు దగ్గరగా ఉన్న పాత రేవుపట్నం పులికాట్. తెలుగువాళ్లకు ప్రళయకావేరి, తమిళులకు పళవేర్కాడు. ఊరు ఇవాళ తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో ఉంది. సరస్సులో ఎక్కువ భాగం మాత్రం తిరుపతి జిల్లాలోని తడ, సూళ్లూరుపేట, దొరవారిసత్రం, చిట్టమూరు, వాకాడు మండలాల వైపు పరుచుకుని ఉంది. పదిహేడో శతాబ్దంలో ఈ ఊరు డచ్చి ఈస్టిండియా కంపెనీకి కోరమండల్ తీరంలో ముఖ్య కేంద్రం. ఇక్కడి గెల్డ్రియా కోట నుంచి అద్దకపు బట్టలతో పాటు, తుపాకిమందు పీపాలతో పాటు, మనుషులు కూడా ఓడలకెక్కారు. పులికాట్ పేరు చెబితే మనకు రాజహంసలు గుర్తొస్తాయి, తెలిసినవాళ్లకు బట్టల వ్యాపారం గుర్తొస్తుంది. మనుషుల వ్యాపారం సంగతి తెలుగు పుస్తకాల్లో ఎక్కడో గాని కనపడదు.

కోట ఎలా లేచింది

డచ్చివాళ్లు 1605లో మచిలీపట్నంలో, ఆ మరుసటి ఏడు నిజాంపట్నంలో వర్తకశాలలు పెట్టారు. పులికాట్‌లో అడుగు పెట్టడానికి 1610లో విజయనగర రాజు రెండో వెంకటపతి రాయల అనుమతి దొరికింది. పెనుగొండ విడిచి చంద్రగిరికి, ఆ తర్వాత రాయవేలూరుకు రాజధాని మార్చుకున్న రాయలు ఈయనే. పోర్చుగీసులకు ఇది కంటగింపయింది. నేటి చెన్నైలో ఉన్న తమ స్థావరం శాంథోమ్ నుంచి వచ్చి 1612లో డచ్చి వర్తకశాల మీద పడ్డారు. దాంతో 1613లో కోట కట్టడం పూర్తిచేసి, అధికారి వెమ్మర్ ఫాన్ బెర్హెమ్ సొంత సీమ అయిన గెల్డర్లాండ్ మీదుగా దానికి గెల్డ్రియా అని పేరు పెట్టారు. మరుసటి ఏడు, 1614లో, వెంకటపతి రాయలు చనిపోయాడు. వారసత్వం కోసం గొబ్బూరి జగ్గరాయుడి పక్షానికీ వెలుగోటి యాచమనాయుడి పక్షానికీ మధ్య పోరు మొదలైంది. చంద్రగిరి సీమ నుంచి కావేరి దాకా పల్లెలు నలిగిపోయాయి. డచ్చి కోట నిలదొక్కుకున్నది సరిగ్గా ఈ అల్లకల్లోలంలోనే.

కంపెనీకి కావలసినది బట్ట. జావా, సుమత్రా, మలుకు దీవుల్లో మిరియాలు, లవంగాలు, జాజికాయలు అమ్మేవాళ్లు వెండి కన్నా కోరమండల్ బట్టనే ఎక్కువగా అడిగేవారు. అందుకే పులికాట్‌లో గోదాములు, నాణేల ముద్రణశాల, తుపాకిమందు తయారీ అన్నీ వచ్చాయి. అయితే 1619లో జావాలో బటావియా (నేటి జకార్తా) నగరాన్ని స్థాపించిన యాన్ పీటర్స్‌జోన్ కూన్‌కు ఇంకో సరుకు కావలసి వచ్చింది. కోటగోడలు కట్టడానికి, కాలువలు తవ్వడానికి మనుషులు కావాలి. చుట్టుపక్కల జావావాళ్లను గోడల లోపల పెట్టుకోవడానికి డచ్చివాళ్లకు భయం. పారిపోవడానికి దారి తెలియని దూరదేశపు మనుషులైతే మేలనుకున్నారు. ఆ మనుషులు దొరికే చోట్లలో పులికాట్ ఒకటి.

కరువు వస్తే మనిషి చవక

ఈ వ్యాపారం ఏటా ఒకే తీరున సాగింది కాదు. వానలు పడి, దండ్ల తాకిడి లేని ఏళ్లలో అమ్మేవాళ్లు దొరికేవారు కారు. కరువు, యుద్ధం కలిసొచ్చిన ఏళ్లలో మాత్రం దళారులు గుంపులు గుంపులుగా తెచ్చేవారు. ధాన్యం ధర పెరిగేకొద్దీ మనిషి ధర పడిపోయేది.

1622–23లో మొదటి ఉప్పెన. పులికాట్, దేవనాంపట్నం వంటి రేవుల నుంచి 1,900 మందికి పైగా బానిసలను ఎగుమతి చేశారు. చేతిలో డబ్బుంటే మరో 2,000 మందిని కొనేవాళ్లమని తీరంలోని అధికారులు చెప్పుకున్నారు. ఈ మాటలో సిగ్గు లేదు, విచారమూ లేదు. సరుకు చేజారిందన్న వర్తకుడి బాధ ఒక్కటే ఉంది.

రెండో ఉప్పెన 1645–47 నాటిది. బీజాపూరు, గోల్కొండ సైన్యాలు దక్షిణానికి దిగిన కాలం అది. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఉదయగిరి, తిరుపతి, చంద్రగిరి సీమలను వరసగా పట్టుకుంటూ వచ్చాడు. పులికాట్ చుట్టూ ఉన్న నేల కూడా గోల్కొండ చేతికి పోయింది. విజయనగరపు ఆఖరి రాజుల్లో ఒకడైన మూడో శ్రీరంగరాయలు నిలువ నీడ లేక తిరిగాడు. వానలు తప్పాయి. పులికాట్‌లో 15,000 మంది చనిపోయారని విన్నట్టు 1647 మొదట్లో మద్రాసు కోటలోని ఇంగ్లీషువాళ్లు రాసుకున్నారు. 1646 ఒక్క ఏడే బటావియాకు 2,118 మంది బానిసలు వెళ్లారు. వీళ్లలో ఎక్కువమంది దక్షిణ కోరమండల్ వాళ్లు.

మూడోసారి 1659–61లో తంజావూరు సీమ మీద బీజాపూరు దాడుల తర్వాత నాగపట్నం, పులికాట్, ఇతర రేవుల్లో కంపెనీ 8,000 నుంచి 10,000 మందిని కొన్నది. వాళ్లలో చాలామందిని సింహళానికి పంపింది. అక్కడి తీరప్రాంతపు బీడుపొలాల్లో వరి పండించడం కూడా వాళ్లకు అప్పగించిన పనుల్లో ఒకటి. అన్నం లేక అమ్ముడుపోయినవాళ్లను ఇంకొకరి వరిమళ్లలోకి దింపడమంటే ఇదే. 1673–77లో ఇంకో కరువు, ఇంకో ఉప్పెన.

ఈ పని డచ్చివాళ్లది ఒక్కరిదే కాదు. వాళ్లకు ముందు పోర్చుగీసులు చేశారు, పక్కనే ఇంగ్లీషువాళ్లు చేశారు. 1687 సెప్టెంబరులో మద్రాసు సెంట్ జార్జి కోట నుంచి 665 మంది బానిసలు ఎగుమతయ్యారు. మరుసటి ఏడు అదే కోట ఈ వ్యాపారాన్ని నిషేధించింది. కారణాలు కోట అధికారులే చెప్పుకున్నారు: పంటలు బాగా పండి బానిసలు దొరకడం లేదు, పైగా తమ పిల్లలనూ పనివాళ్లనూ ఎత్తుకుపోతున్నారని మొఘలు అధికారుల నుంచి ఫిర్యాదులు వస్తున్నాయి. ఇందులో దయాధర్మాలు వెతకనక్కర్లేదు. ఆ రెండో కారణాన్ని బట్టి ఇంకో సంగతి తెలుస్తుంది. ఓడలెక్కినవాళ్లంతా ఆకలికి తమను తాము అమ్ముకున్నవాళ్లు కారు. దొంగిలించి తెచ్చిన పిల్లలూ వాళ్లలో ఉన్నారు.

ఇక్కడి సమాజంలో బానిసత్వం ముందే ఉంది కదా అని కొందరంటారు. నిజమే. పొలానికి కట్టుబడిన కూలీలు, ఇళ్లలో దాసీలు, అప్పుకింద ఊడిగం చేసేవాళ్లు తెలుగునాటా తమిళనాటా ఉన్నారు. కాని ఆ బానిస అదే ఊళ్లో, అదే భాష మధ్య, తనవాళ్ల కళ్లముందు బతికేవాడు. సముద్రం దాటినవాడికి ఆ మాత్రమూ మిగల్లేదు. రెంటినీ ఒకే గాటన కట్టడం కుదరదు.

కోటలో తిండి, చుట్టూ తిండి

సరస్సు ఒడ్డున తిండికి కొదవ ఉండకూడదు. రొయ్యలు, పీతలు, ఉప్పునీటి చేపలు ఏడాది పొడుగునా దొరుకుతాయి. ఉప్పు కయ్యలు ఉన్నాయి, తాటిచెట్లున్నాయి. చేపలు పట్టే పట్టపువాళ్లకూ శ్రీహరికోట యానాదులకూ సరస్సే పొలం. బియ్యం మాత్రం బయటినుంచి రావాలి. సరస్సు చుట్టూ నేల చవిటిపర్ర. మాగాణి లోపలెక్కడో ఉంది. మెట్ట సీమల పేదలకు రాగి సంకటి, సజ్జ, జొన్న అంబలే ఆధారం. చెరువులు నిండకపోతే అదీ ఉండదు. లోపలి పల్లెల నుంచి జనం రేవుకు నడిచి రావడానికి కారణం ఇదే. రేవులో ఓడల మీద ధాన్యం దిగుతుందన్న ఆశ ఉంటుంది. ఆ ఆశతో వచ్చినవాళ్లు దళారి చేతిలో పడేవారు.

గెల్డ్రియా కోటలో రోజువారీ బతుకు గురించి మనకు తెలిసినదంతా కొన్నవాళ్ల కలం నుంచి వచ్చిందే. 1630ల నుంచి సుమారు పదేళ్ల పాటు ఇక్కడ మతబోధకుడిగా ఉన్న అబ్రహాం రోజేరియస్, పద్మనాభుడనే బ్రాహ్మణుడిని అడిగి తెలుసుకుని, ఇక్కడివాళ్ల ఆచారాల మీద పెద్ద పుస్తకం రాశాడు. ఆయన చనిపోయాక 1651లో అది హాలండులో అచ్చయింది. భర్తృహరి సుభాషితాలను యూరపు భాషలోకి మొదట తెచ్చింది ఆ పుస్తకమే. గొప్ప పని, సందేహం లేదు. అయితే ఆయన శ్రద్ధంతా బ్రాహ్మణుల మతం, నడవడి మీద ఉంది. అదే రేవులో అమ్ముడైనవాళ్లతో ఇలాగే ఎవరైనా కూర్చుని మాట్లాడి రాసి ఉంటే మన చరిత్ర ఇంకోలా ఉండేది.

ఓడ దాటాక

పులికాట్‌లో పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు. సరస్సు మొగ ఇసుకతో పూడిపోతుంటుంది. ఓడ సముద్రంలో లంగరేసి నిలబడితే, పలకలను కొబ్బరిపీచు తాళ్లతో కుట్టిన పడవల్లో అలలు దాటించి సరుకును చేర్చాలి. బట్టల మూటలూ మనుషులూ అలాగే చేరారు.

బటావియాలో పదిహేడో శతాబ్దంలో గోడల లోపలి జనంలో దాదాపు సగం మంది బానిసలే. మొదటి ముప్ఫై ఏళ్లలో నగరం పనంతా ఎక్కువగా భారత తీరం నుంచీ అరకాన్ (నేటి మయన్మార్ తీరం) నుంచీ వచ్చినవాళ్ల మీద నడిచింది. కోట పనీ రేవు పనీ కాక, డబ్బున్న ఇళ్లలో వంటకు, చాకిరేవుకు, గొడుగు పట్టడానికి, తాంబూలం పళ్లెం మోయడానికి కూడా వేరువేరు మనుషులుండేవారు. కొందరిని యజమానులు కూలికి తిప్పేవారు. సాయంత్రానికి ఇంత అని తెచ్చి ఇవ్వాలి. వాళ్ల తిండి అన్నం, ఎండుచేప.

మలుకు దీవుల్లోని బందా దీవులది ఇంకో కథ. 1621లో కూన్ ఆ దీవుల ప్రజలను దాదాపు తుడిచిపెట్టాడు. తర్వాత జాజికాయ తోటలను ముక్కలుగా కోసి డచ్చి యజమానులకు పంచి, పనికి బానిసలను తెప్పించాడు. వాళ్లలో కోరమండల్ వాళ్లూ ఉన్నారు. అమెరికాలో పొగాకు, చెరకు తోటల యజమానులు నడిపిన పద్ధతికి ఆసియాలో దగ్గరగా వచ్చేది ఈ తోటలే. నేలంతా జాజిచెట్లే కావడంతో తినే బియ్యం కూడా ఓడలోనే రావాలి. కాబట్టి కూటికుండ కూడా కంపెనీ చేతిలోనే ఉండేది.

బానిసకు కొత్త పేరు పెట్టి, పుట్టిన ఊరినో సీమనో చివర తగిలించేవారు. ‘ఫాన్ పలియకట్టా’ అంటే పులికాట్ మనిషి. లోపలి పల్లె నుంచి వచ్చినా రేవు పేరే అంటుకునేది. అందువల్ల ఆ పేరున్నవాళ్లలో తెలుగువాళ్లెందరో తమిళులెందరో ఇప్పుడు విడదీయలేం.

పెద్ద కాత్రెయిన్

అలాంటి పేరున్న ఒక మనిషి బతుకు మాత్రం కాగితాల మీద నిలిచింది. కాతరీనా ఫాన్ పలియకట్టా 1630 ప్రాంతంలో పుట్టింది. బటావియాలో బానిసగా ఉండగా 1656లో క్లాస్ అనే బానిసతో గొడవలో ఆమె చేతి దెబ్బకు అతను చనిపోయాడు. కోర్టు మరణశిక్ష వేసింది. గవర్నర్ జనరల్ దాన్ని యావజ్జీవ ప్రవాసంగా మార్చాడు. 1657 ఫిబ్రవరిలో ఆమె ఆఫ్రికా కొసనున్న కేప్ రేవులో దిగింది. డచ్చివాళ్లు అక్కడ స్థావరం పెట్టి అప్పటికి అయిదేళ్లే. కమాండర్ యాన్ ఫాన్ రీబెక్ ఇంటి బట్టలు ఉతకడం ఆమెకు అప్పజెప్పిన పని. కేప్‌లో బానిస ఆడవాళ్లు టేబుల్ కొండ నుంచి దిగే వాగులో బట్టలుతికేవారు. బియ్యం ఓడలో వస్తేనే ఉన్నట్టు. మొదటి ఏళ్లలో పెంగ్విన్లనూ సీల్ జంతువులనూ కూడా కోసుకుని తిన్న ఊరది.

కాగితాల్లో ఆమె ‘పెద్ద కాత్రెయిన్’. హాన్స్ క్రిస్టోఫెల్ స్నైమన్ అనే సైనికుడి వల్ల ఆమెకు ఒక కొడుకు పుట్టాడు. 1671లో విముక్తుడైన ఒక బంగాళీని పెళ్లి చేసుకుంది. కొడుకు క్రిస్టోఫెల్ ఫ్రాన్సు నుంచి శరణు వచ్చిన హ్యూగనాట్ (ప్రొటెస్టెంటు) కుటుంబపు పిల్లను చేసుకున్నాడు. దక్షిణాఫ్రికాలో ఇవాళ స్నైమన్ ఇంటిపేరు పెద్ద వంశం. జాతుల వేర్పాటును చట్టం చేసిన ఆ దేశంలో తెల్లవాళ్లుగా లెక్కకెక్కిన ఎన్నో కుటుంబాలకు మూలపుటమ్మ పులికాట్ బానిస!

1652 నుంచి 1808 వరకు కేప్‌కు తెచ్చిన సుమారు 63,000 మంది బానిసల్లో దాదాపు నాలుగో వంతు భారత ఉపఖండం వాళ్లే. కేప్ వంటల్లోని మసాలా కూరలూ ఊరగాయలూ వీళ్ల నుంచీ, ఇండోనేషియా నుంచి వచ్చిన బానిసల నుంచీ వచ్చినవే.

ఆ తర్వాత

1690లో కంపెనీ తన ముఖ్య కేంద్రాన్ని నాగపట్నానికి మార్చింది. 1781లో నాగపట్నం ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. పులికాట్‌ను కూడా వాళ్లు పట్టుకుని, వెనక్కిచ్చి, 1795లో మళ్లీ పట్టుకుని, 1806లో కోటను పడగొట్టారు. 1818లో డచ్చివాళ్లకు తిరిగిచ్చినా, 1824 ఒప్పందం ప్రకారం 1825లో పులికాట్ పూర్తిగా ఇంగ్లీషువాళ్లదయింది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ పాలనలోని భారతదేశంలో బానిసత్వానికి చట్టబలం తీసేసింది 1843 చట్టం. డచ్చి తూర్పు దీవుల్లో నిషేధం 1860లో గాని రాలేదు.

ఇప్పుడు కోట ముళ్లపొదల్లో మట్టిదిబ్బ. పక్కనున్న డచ్చి శ్మశానం భారత పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ద్వారం దగ్గర రెండు అస్థిపంజరాల శిల్పాలున్నాయి, లోపల చెక్కడపు పలకల మీద కంపెనీ ఉద్యోగుల, వాళ్ల కుటుంబాల పేర్లున్నాయి. చూడటానికి వెళ్లేవాళ్లకు బానిసల సంగతి అక్కడ తెలియదు. అది హేగ్‌లోని జాతీయ అభిలేఖాగారంలో, కేప్‌టౌన్‌లో, జకార్తాలో, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు అభిలేఖాగారంలో ఉన్న డచ్చి దస్తావేజుల్లో ఉంది. 2003లో యునెస్కో ఈ కంపెనీ దస్తావేజులను ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. తిరుపతి విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖల నుంచి చెన్నై ఎగ్మూరు మూడు నాలుగు గంటల ప్రయాణం. పదిహేడో శతాబ్దపు డచ్చి లిపి చదవగలిగే తెలుగు పరిశోధకులను తయారుచేయడం ఆ శాఖలు వెంటనే మొదలుపెట్టవలసిన పని.