స్ప్రింట్ శిక్షణలో పరిమాణం, తీవ్రతల సమతూకం: గాయాల నివారణకు కీలకం

స్వల్ప దూర పరుగు పోటీలలో జయాపజయాలను సెకనులో నూరవ వంతు నిర్ణయిస్తుంది. ఆ కాస్త వ్యవధి కోసం సాగించే సాధనలోనే పలువురు యువ క్రీడాకారులు గాయపడి, తీరా ఎంపిక పోటీల నాటికి మైదానానికి దూరమవుతున్నారు. ప్రపంచ రికార్డు వీరుడు ఉసేన్ బోల్ట్ సైతం ఇందుకు అతీతుడు కాలేదు. 2017 ఆగస్టులో లండన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో, తన చివరి పరుగైన 4×100 మీటర్ల రిలేలో తొడ వెనుక కండరం పట్టివేయడంతో ఆయన గమ్యం చేరకుండానే ట్రాక్‌పై కూలబడ్డారు.

స్ప్రింటర్లలో తరచుగా దెబ్బతినేది తొడ వెనుక ఉండే హామ్‌స్ట్రింగ్ కండరాలే. ముందుకు చాచిన కాలు నేలను తాకడానికి క్షణం ముందు ఈ కండరాలు సాగుతూనే కాలి వేగాన్ని అదుపు చేయవలసి ఉంటుంది. వేగం గరిష్ఠ స్థాయిని సమీపించే కొద్దీ ఈ భారం ఎన్నో రెట్లు తీవ్రమవుతుంది. అందుచేత, గాయం భయంతో పూర్తి వేగపు పరుగును మానివేయడం కూడా ప్రమాదకరమే. సాధనలో 80 శాతం వేగానికే అలవాటుపడిన కండరం పోటీనాడు 100 శాతం వేగాన్ని తట్టుకోలేదు. తగ్గించవలసినది తీవ్రతను కాదు, పరిమాణాన్ని.

ఎక్కువ పరుగెత్తితే ఎక్కువ వేగం వస్తుందన్న నమ్మకం మన మైదానాలలో ఇప్పటికీ బలంగానే ఉంది. వాస్తవానికి గరిష్ఠ వేగపు సాధన ఒక పూటకు సాధారణంగా 300 నుంచి 500 మీటర్లకు మించదు. ఉదాహరణకు 30 మీటర్ల పరుగులు ఆరు, 60 మీటర్ల పరుగులు నాలుగు చేస్తే మొత్తం 420 మీటర్లు. ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక నిమిషం చొప్పున విశ్రాంతి ఇవ్వడం శిక్షకులు పాటించే లెక్క. అంటే 60 మీటర్ల పరుగు తరువాత ఆరు నిమిషాలు. చూసేవారికి ఇది బద్ధకంగా కనిపించవచ్చు. కానీ ఆ విరామం లేనిదే కండరంలో తక్షణ శక్తి తిరిగి సమకూరదు. సాధనను ఆపవలసిన ఘడియను స్టాప్‌వాచే తెలుపుతుంది. 60 మీటర్లను 7.00 సెకన్లలో పూర్తిచేసే బాలుడు 7.20కి జారితే ఆ రోజుకు వేగపు సాధన ముగిసినట్లే.

తీవ్రమైన సాధనల మధ్య కనీసం 48 గంటల వ్యవధి అవసరం. నడుమ రోజులలో పచ్చికపై 75 శాతానికి మించని తేలిక పరుగులు సరిపోతాయి. ఈ విభజనకు ప్రాచుర్యం కల్పించినది కెనడా శిక్షకుడు చార్లీ ఫ్రాన్సిస్. 1988 సియోల్ ఒలింపిక్స్ డోపింగ్ ఉదంతంతో ఆయన పేరు మసకబారినా, ఈ పద్ధతి మాత్రం నిలిచింది. రోజూ 80–90 శాతం వేగంతో పరుగెత్తించడం వల్ల అలసట మిగులుతుందే తప్ప గరిష్ఠ వేగం అలవడదు.

పరీక్షల విరామం అనంతరం వేసవి శిబిరాలకు వచ్చే బాలబాలికల విషయంలో మరింత జాగ్రత్త వహించాలి. తొలివారంలోనే దూరాన్నీ, వేగాన్నీ ఒక్కసారిగా పెంచడం తగదు. మట్టి ట్రాక్‌పై సాధన చేసినవారు సింథటిక్ ట్రాక్‌పై స్పైక్ బూట్లతో దిగినపుడు, శిక్షకుడు ఏమీ మార్చకున్నా, కాళ్లపై తీవ్రత పెరుగుతుంది. మోకాళ్లపై నిలిచి ముందుకు నెమ్మదిగా వాలే నార్డిక్ వ్యాయామానికి పరికరాలు అక్కరలేదు, మడమలు పట్టుకునే సహచరుడు ఉంటే చాలు. ఫుట్‌బాల్ క్రీడాకారులపై జరిపిన అధ్యయనాలలో దీనివల్ల హామ్‌స్ట్రింగ్ గాయాలు సుమారు సగానికి తగ్గినట్లు వెల్లడైంది.

పోటీకి వారం, పది రోజుల ముందు పరుగుల సంఖ్యను దాదాపు సగానికి తగ్గించి, వేగాన్ని యథాతథంగా కొనసాగించాలి. ఇంత చేసినా, హీట్స్, సెమీఫైనల్, ఫైనల్ ఒకే పూట ముగించే కార్యక్రమ పట్టిక ఈ శ్రమను వృథా చేయగలదు. లండన్ రిలేకు ముందు తమను 40 నిమిషాలపాటు వేచి ఉంచారని బోల్ట్ సహచరుడు యోహాన్ బ్లేక్ ఆక్షేపించడం గమనార్హం. వార్మప్‌కూ పరుగుకూ మధ్య జాప్యం లేకుండా చూసే బాధ్యత నిర్వాహకులదే.