శిల్పం తుక్కయిన చోట, తుక్కు శిల్పమైంది

ఇవాళ్టి కథ మన గుంటూరు సీమలో రెండు ఊళ్లది: అమరావతి, తెనాలి.

1790ల చివర్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త ఊరు కట్టిస్తున్నారు. రాళ్ల కోసం దీపాలదిన్నె అనే దిబ్బని తవ్వారు. లోపలున్నది బౌద్ధ మహాస్తూపం! చెక్కిన పలకలు కొన్ని కట్టడాల్లోకి వెళ్లాయి, కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. 1816లో కల్నల్ మెకంజీ మళ్లీ వచ్చేసరికి చాలావరకు మాయం. అంటే, శిల్పాన్ని తుక్కు కింద వాడేశారు.

ఇప్పుడు తెనాలికి రండి. ఇక్కడ కథ రివర్స్. కాటూరి వెంకటేశ్వరరావు గారు, వాళ్లబ్బాయి రవిచంద్ర గారు సూర్య శిల్పశాలలో ఇనప తుక్కుతో విగ్రహాలు చేస్తారు. బైక్ చైన్లు, గేర్ చక్రాలు, నట్లు, బోల్టులు... పాత ఇనప కొట్లో కాటా వేసి అమ్మే సరుకే. 75,000 నట్లతో 10 అడుగుల గాంధీ గారిని చేశారు. 2021లో బెంగళూరు కోసం 14 అడుగుల మోదీ గారి విగ్రహం చేశారు.

కానీ ఒక చిక్కుంది. ఆరుబయట పెట్టిన ఇనుముకి వానే శత్రువు. వెల్డింగ్ అతుకుల సందుల్లో నీళ్లు నిలిస్తే తుప్పు లోపల్నుంచే తినేస్తుంది. అప్పుడప్పుడూ తుప్పు గీకి, పూత వెయ్యాలి. పట్టించుకోకపోతే ఆ బొమ్మ మళ్లీ కాటాకే!

అమరావతిలో రాయి గట్టిదే, దాని విలువ తెలిసినవాళ్లే కరువయ్యారు. మీ ఊరి పార్కులో తుక్కు బొమ్మ ఉంటే ఈ ఆదివారం దగ్గరికెళ్లి చూడండి. తుప్పు దిగుతుంటే మున్సిపాలిటీకి ఒక అర్జీ పెట్టండి. ఉంటాను మరి!