గుజ్జు కాని గుజ్జు

అనకాపల్లి నుంచి అచ్యుతాపురం వెళ్లే దారిలో మునగపాక. చెరకు పండించి బెల్లం వండే నేల. చెరకు కొట్టడం, కట్టలు మోయడం, పొయ్యి ముందు గొంతుక్కూర్చుని పిప్పి ఎగదోయడం... ఈ పనులన్నిటి భారమూ చివరికి పడేది మోకాలి మీదే. యాభై దాటినవాళ్లు నలుగురు అరుగు మీద చేరితే వినపడే మాట ఒకటుంది: "ఎక్స్‌రే తీశారు, గుజ్జు అరిగిపోయిందట."

ఈ "గుజ్జు" అన్న మాట మనల్ని మోసం చేసింది. గుజ్జు అనగానే చింతపండో మామిడిపండో మనసులో మెదులుతుంది. తగ్గితే మళ్లీ నింపుకోవచ్చు అనిపిస్తుంది. మోకాలిలో అలాంటిదేమీ లేదు. ఎముకల చివర్లకు తొడిగినట్టు రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల మందాన, తెల్లగా, పింగాణీలా నున్నగా ఉండేది మృదులాస్థి. అందులో రక్తనాళం లేదు, నరం లేదు. ముప్పాతిక వంతు దాకా నీరే. ఆ నీటిని పట్టి ఉంచే చక్కెర గొలుసుల ప్రొటీన్లు, వాటిని బిగించి ఉంచే కొల్లాజెన్ పోగులు, ఎక్కడో ఒకటీ అరా జీవకణం. కాలు మోపితే నీరు కాస్త బయటికి ఒలుకుతుంది, ఎత్తితే తిరిగి లోపలికి పీల్చుకుంటుంది. దానికి తిండి అందే దారీ అదే. నరం లేదు కాబట్టి అరుగుతున్నంత కాలం తనంత తాను నొప్పి చెప్పదు. నొప్పి తెలిసేది కింది ఎముకా, కీలు పొరా మొరపెట్టుకున్నాకే.

దీన్ని మనవాళ్లు చూడకపోలేదు. సుశ్రుత సంహిత ఎముకలను ఐదు రకాలుగా విడదీసి, ముక్కులో, చెవిలో, మెడలో ఉండేవాటికి "తరుణాస్థి" అని పేరు పెట్టింది. అంటే లేత ఎముక. ఆ పేరు గుజ్జు కన్నా వెయ్యి రెట్లు నయం. గర్భంలో శిశువు కాళ్లూ చేతుల ఎముకలు ముందు మృదులాస్థిగానే ఏర్పడి, తర్వాతే గట్టిపడతాయి. అచ్యుతాపురం దాటి పూడిమడక తీరానికి వెళితే ఈ లేతదనం ఎప్పటికీ పోని జీవి దొరుకుతుంది. సొర చేప అస్థిపంజరం మొత్తం మృదులాస్థే. సొర పుట్టు వండే ఇల్లాలికి ఏ పాఠ్యపుస్తకమూ అక్కర్లేదు. ఆ వెన్ను మామూలు చేప ముల్లులా గుచ్చుకోదని చేతికి తెలుసు.

ఐరోపాలో ఈ చూపు కత్తి పట్టిన వైద్యులతో పదునెక్కింది. 1743లో విలియం హంటర్ లండన్ రాయల్ సొసైటీకి కీళ్ల మృదులాస్థి మీద ఒక వ్యాసం సమర్పించాడు. ఒకసారి పాడైతే అది తిరిగి కోలుకోదన్నది హిప్పోక్రాటీస్ కాలం నుంచీ అందరూ ఒప్పుకుంటున్నదే అని అందులో రాశాడు. ఆ తర్వాత ఫ్రాన్సులో బిషా అనే వైద్యుడు సూక్ష్మదర్శిని జోలికే పోకుండా శరీరాన్ని 21 రకాల కణజాలాలుగా విడదీశాడు. 1802లో ముప్పై ఏళ్లకే పోయాడు. అవయవాల మధ్య సందుల్ని నింపే పదార్థానికి జర్మనీలో మ్యుల్లర్ "కట్టి ఉంచే కణజాలం" అని అర్థమిచ్చే పేరు పెట్టాడు. మన తెలుగు పాఠ్యపుస్తకాల సంయోజక కణజాలం అదే. మృదులాస్థి, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయుబంధనం, ఎముకను ఎముకకు కట్టే సంధిబంధనం, చర్మం లోపలి మందపాటి పొర, కొవ్వు, చివరికి నెత్తురు కూడా ఆ కుటుంబమే.

అయితే ఆ కట్టు దేనితో పేనిందో తెలిసింది శవాన్ని కోసేవాడికి కాదు, తోలు ఊనేవాడికి. సున్నపు నీటిలో నానబెట్టి వెంట్రుక వదిలించి, తంగేడు చెక్క, కరక్కాయ రసంలో ఊరవేస్తే తోలు కుళ్లదు. చెక్కలోని వగరు కొల్లాజెన్ పోగుల మధ్య చేరి వాటిని కలిపి బిగిస్తుంది కాబట్టి. అదే పోగుల్ని ఉడకబెడితే విడిపోయి జిగురవుతాయి. మేకకాళ్ల పులుసు చల్లారాక గడ్డకట్టేది అందుకే. గ్రీకులో కొల్లా అంటే జిగురే. ఊరి చివరకు నెట్టేసిన చేతుల్లో ఇంత రసాయనశాస్త్రం ఉందని ఊరు ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది.

ఒప్పించినవాళ్లలో ముందు చెప్పాల్సింది యలవర్తి నాయుడమ్మను. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో రైతు ఇంట పుట్టి, తోలు పనిని చదువుగా ఎంచుకున్నాడు. మద్రాసులో 1948లో మొదలైన కేంద్ర తోలు పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 దాకా డైరెక్టరు. ఆ సంస్థకు పొరుగునే, మద్రాసు విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి కంగారూ తోకలోని స్నాయుబంధనం ఎక్స్‌రే చిత్రాలను పరిశీలించి 1954లో కొల్లాజెన్ మూడు పేటల తాడు అని తేల్చారు. మరుసటి ఏడు ఇంకో మెలిక పట్టుకున్నారు. ఒక్కో పేట ఎడమకు తిరిగి ఉంటే, మూడూ కలిసి కుడికి మెలిపడతాయి. కొబ్బరి తాడు పేనేవాళ్లు చేసేదీ ఇదే, పేటకో వైపు, తాడుకు ఎదురు వైపు, అందుకే వీడిపోదు. ప్రతి మూడో మెట్టులోనూ అమైనో ఆమ్లాలన్నిటికన్నా చిన్నదైన గ్లైసిన్ ఉంటేనే పేటలు అంత దగ్గరగా ఒదుగుతాయి. వివరాల్లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలతో పేచీలు వచ్చాయి, సవరణలూ జరిగాయి, మూడు పేటలు మాత్రం నిలిచాయి.

ఈ కట్టు రెండు రకాలుగా చెడుతుంది. ఒకటి, మెత్తగా ఉండాల్సింది రాయిగా మారడం. 1937లో షార్ట్ అనే పరిశోధకుడి బృందం అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో వెన్ను వంగని మనుషుల్ని చూసి, తాగే నీటిలోని ఫ్లోరైడే కారణమని రాసింది. సంధిబంధనాల్లో సున్నం పేరుకుని వెన్నెముక కర్రలా బిగిసిపోతుంది. 1955లో నల్లగొండ గురించి సిద్దిఖీ అనే పరిశోధకుడు రాసినదీ ఇదే వ్యథ. పటికతో, సున్నంతో నీటిని తేర్చే పద్ధతికి ఆ జిల్లా పేరే స్థిరపడింది. రెండోది, కరిగిపోవడం. ఒంటి రక్షణ దళమే కీలు పొర మీద పడి మృదులాస్థిని తినేసే కీళ్లవాతానికి ఇవాళ వైద్యులు ముందుగా రాసే మందు మెథోట్రెక్సేట్. అది పుట్టింది భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధనల నుంచి. ఆయన 1948లోనే కన్నుమూశారు, తన మందు మోకాళ్లకు చేరడం చూడలేదు.

అరుగుదలకు మాత్రం అలాంటి మందు లేదు. బరువు తగ్గించుకోవడం, తొడ కండరాలకు పని చెప్పడం, మరీ చెడితే లోహమూ ప్లాస్టిక్కూ కలిపిన కొత్త కీలు. సొరలకు క్యాన్సర్ రాదంటూ 1992లో ఒక పుస్తకం వచ్చాక వాటి మృదులాస్థి పొడి డబ్బాల్లో అమ్ముడుపోయింది. సొరలకూ క్యాన్సర్ వస్తుంది. పొడిగా మింగిన మృదులాస్థి కడుపులో మామూలు తిండిలానే అరిగిపోతుంది. గుజ్జు పెంచుతామని ఎవరైనా డబ్బా చేతిలో పెడితే, డబ్బు తీసే ముందు 1743 నాటి హంటర్ మాట ఒకసారి గుర్తు చేసుకోండి.