క్లౌ దొర కాలువ

మతాన్ని గురించి వ్రాయబోతే మనవాళ్లలో కొందరు మొగం చిట్లిస్తారని నాకు తెలుసు. కాని విశ్వాసం ఏం చెప్పిందన్నదానికంటే, కష్టకాలంలో ఏం చేసిందన్నదే చరిత్రకు ముఖ్యం. అందుకు ఒంగోలు సీమలో ఒక దాఖలా ఉన్నది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. మొదట అగ్రవర్ణాలవారు కొందరు అతనికి చేరువయ్యారు. మాదిగలను సంఘంలో చేర్చుకునే సమయం రాగానే వారి పిల్లలు బడి మానారు. క్లౌ తటపటాయించిన మాట నిజమే. అయినా మాదిగలను వదులుకోలేదు.

మాదిగలకు ఆ మతం ఊరికే దక్కలేదు. ఆదివారం పని చెయ్యమన్నారు. జాతరలో డప్పు కొట్టమన్నారు. చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు. చెప్పులు కుట్టి, కపిలకు తోలుపని చేసి ఊరి సేద్యాన్ని నిలబెట్టినవారు ఎదురు చెబితే పెద్దరైతులు ఓర్వలేదు. ఆ విధంగా భక్తి వెట్టిచాకిరీని తాకింది.

అంతలో 1876–78 కరువు వచ్చింది. 1877లో రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని రోజుకు పౌను ధాన్యానికీ, పైన కొద్దిపాటి డబ్బుకూ దించాడు. ఖజానా మిగలడమే ధర్మమనుకున్న ప్రభుత్వమది. యౌవనంలో భూమి కొలతల పని చేసిన క్లౌ, బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకానికి కంట్రాక్టు తీసుకున్నాడు. తిట్టి హింసించే మేస్త్రీల స్థానంలో తన తెలుగు బోధకులను నిలబెట్టాడు. ధర్మం చెయ్యడం కాదు, పనికి కూలి ఇవ్వడం.

ఆకలిగొన్నవాడికి గంజి పోసి బాప్తిస్మమివ్వడం సులభం. క్లౌ సుమారు 15 నెలలు బాప్తిస్మాలనే ఆపివేశాడు. కూటికోసం ఎవరూ మతంలోకి రాకూడదని అతని పట్టుదల. సహాయం ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఆరుగురు తెలుగు బోధకులు 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు.

ఆ సంఖ్యను కీర్తించేవారూ, కూటి మతమని ఎగతాళి చేసేవారూ ఆ 15 నెలలను మరచిపోతున్నారు. కరువులో ఆదుకున్నాడన్న కృతజ్ఞత ఆ జనంలో లేదని నేననను. పైగా కాలువ కూలినిచ్చింది గాని భూమినివ్వలేదు. పని ముగియగానే వారు మళ్లీ ఆ రైతుల పొలాలకే పోవలసివచ్చింది. ఆ పరిమితిని దాచరాదు. కాని తన మతం పెరిగే అవకాశాన్ని తన చేతులతోనే నిలిపివేసిన ఆ మనిషి నిజాయితీని మనం గుర్తించకపోతే, మన విమర్శకే విలువ లేదు.