పాత డెస్క్‌టాప్‌కు కొత్త గ్రాఫిక్స్ కార్డు: కొనుగోలుకు ముందు తెలుసుకోవలసినవి

దేశంలోని ప్రధాన నగరాల్లో కంప్యూటర్ విడిభాగాలకు పేరుపొందిన మార్కెట్లు ఉన్నాయి. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్, చెన్నైలోని రిచీ స్ట్రీట్, బెంగళూరులోని ఎస్.పి. రోడ్డు అటువంటివే. కార్యాలయాలు కొన్నేళ్లు వాడి తొలగించిన డెస్క్‌టాప్‌లు ఇటువంటి మార్కెట్ల ద్వారా తక్కువ ధరకు విద్యార్థుల ఇళ్లకూ, చిన్న దుకాణాలకూ చేరుతుంటాయి. లెక్కలు రాసుకోవడానికీ, ఉత్తరాలు టైపు చేయడానికీ అవి చక్కగా సరిపోతాయి. ఇంట్లో ఒకరు వీడియో ఎడిటింగ్ నేర్చుకోవాలనుకున్నప్పుడో, పిల్లలు కొత్త ఆట కోసం పట్టుబట్టినప్పుడో గ్రాఫిక్స్ కార్డు ప్రస్తావన వస్తుంది.

ఆ సమయంలో సాధారణంగా జరిగే పొరపాటు ఒకటుంది. చేతిలో ఉన్న డబ్బుకు లభించే కార్డుల్లో శక్తిమంతమైన దానిని ముందుగా ఎంచుకోవడం, ఆ తరువాత దానిని పాత పెట్టెలో ఇమడ్చడానికి ప్రయత్నించడం. నిజానికి ఈ క్రమం తలకిందులు కావాలి. పాత కంప్యూటర్‌కు ఏ కార్డు తగినదో నిర్ణయించేది దుకాణంలోని ధరల పట్టిక కాదు. ఆ కంప్యూటర్‌లోని విద్యుత్ సరఫరా, స్లాటు, స్థలం, ప్రాసెసర్. వీటిని ముందుగా పరిశీలించకపోతే వేల రూపాయలు వెచ్చించిన కార్డు పెట్టెలోనే ఉండిపోవచ్చు. కొన్ని సందర్భాల్లో ఉన్న కంప్యూటర్ కూడా చెడిపోవచ్చు.

గ్రాఫిక్స్ కార్డు చేసే పని

తెరపై కనిపించే ప్రతి దృశ్యమూ లక్షలాది చుక్కల కూర్పు. ఫుల్ హెచ్‌డీ తెరపై అడ్డంగా 1920, నిలువుగా 1080 చొప్పున 20 లక్షలకు పైగా చుక్కలు ఉంటాయి. సాధారణ మానిటర్‌లో దృశ్యం సెకనుకు 60 సార్లు మారుతుంది. మారిన ప్రతిసారీ ఒక్కొక్క చుక్క రంగును లెక్కగట్టవలసిందే. ప్రాసెసర్ కొద్దిపాటి కోర్లతో క్లిష్టమైన పనులను వేగంగా చేస్తుంది. గ్రాఫిక్స్ చిప్ వందల, వేల సంఖ్యలో ఉన్న చిన్న గణన విభాగాలతో ఒకే తరహా లెక్కలను ఏకకాలంలో పూర్తిచేస్తుంది. 1999లో ఎన్‌విడియా సంస్థ జీఫోర్స్ 256ను విడుదల చేసినప్పటి నుంచి ఇటువంటి చిప్‌కు జీపీయూ అనే పేరు స్థిరపడింది.

కార్యాలయాల కోసం తయారైన డెస్క్‌టాప్‌లలో సాధారణంగా విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండదు. ప్రాసెసర్‌లోనే అంతర్భాగంగా ఉన్న చిన్న గ్రాఫిక్స్ విభాగం, కంప్యూటర్ ర్యామ్‌లో కొంత భాగాన్ని పంచుకుంటూ ఆ పని చేస్తుంది. విడిగా బిగించే కార్డుకు సొంత చిప్, సొంత మెమరీ, చల్లబరచుకునేందుకు సొంత ఫ్యాను ఉంటాయి. అందుకే దానికి అదనపు విద్యుత్తు, అదనపు స్థలం కావాలి.

అసలు కార్డు అవసరమేనా?

కంప్యూటర్ నెమ్మదించినంత మాత్రాన గ్రాఫిక్స్ కార్డు పరిష్కారం కాదు. ఆన్ చేసిన తరువాత తెర సిద్ధం కావడానికి చాలా నిమిషాలు పడుతుంటే పాత హార్డ్ డిస్కును అనుమానించాలి. దాని స్థానంలో ఎస్ఎస్‌డీ అమరిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. బ్రౌజర్‌లో నాలుగు పేజీలు తెరవగానే కంప్యూటర్ స్తంభిస్తుంటే ర్యామ్ చాలడం లేదని అర్థం. ఈ రెండింటికీ సాధారణంగా గ్రాఫిక్స్ కార్డుకన్నా తక్కువ ఖర్చవుతుంది.

త్రీడీ ఆటలు, త్రీడీ డిజైన్, వీడియో ఎడిటింగ్ వంటి పనులకు కార్డు నిజంగా ఉపకరిస్తుంది. యూట్యూబ్ వంటి వేదికలు వీపీ9, ఏవీ1 అనే కొత్త పద్ధతుల్లో వీడియోలను కుదించి పంపుతాయి. పాత గ్రాఫిక్స్ చిప్‌లలో వీటిని విప్పే ఏర్పాటు లేనందున ఆ భారమంతా ప్రాసెసర్‌పై పడి, పెద్ద పరిమాణపు వీడియోలు ఆగి ఆగి నడుస్తాయి. ఈ ఇబ్బంది ఉన్నవారు తాము కొనబోయే కార్డు ఏ పద్ధతులను విప్పగలదో ముందే తెలుసుకోవాలి. విండోస్ 10లోనూ, ఆ తరువాతి విండోస్‌లోనూ టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్, మెమరీ, డిస్క్, గ్రాఫిక్స్‌లలో దేనిపై భారం పడుతున్నదో కనిపిస్తుంది. ఆ నాలుగు అంకెలను చూసిన తరువాతే కొనుగోలు నిర్ణయం తీసుకోవడం మేలు.

మొదటి పరీక్ష విద్యుత్ సరఫరా

గోడ నుంచి వచ్చే కరెంటును కంప్యూటర్‌కు తగిన వోల్టేజీలకు మార్చే పెట్టెను మన మార్కెట్లలో ఎస్‌ఎంపీఎస్ అంటారు. గ్రాఫిక్స్ కార్డు ఎంపికలో మొదటి మాట దీనిదే.

పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్రమాణాల ప్రకారం గ్రాఫిక్స్ కార్డు తన స్లాటు నుంచి గరిష్ఠంగా 75 వాట్లు తీసుకోవచ్చు. అంతకు మించి అవసరమైన కార్డులకు ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా వైరు కలపాలి. 6 పిన్నుల కనెక్టర్ 75 వాట్లు, 8 పిన్నుల కనెక్టర్ 150 వాట్లు అందిస్తాయి. కార్యాలయ డెస్క్‌టాప్‌లలోని ఎస్‌ఎంపీఎస్‌లకు చాలావరకు ఈ కనెక్టర్లు ఉండవు. కొన్ని నమూనాల్లో స్లాటుకు 75 వాట్లకన్నా తక్కువ పరిమితి కూడా విధిస్తారు కనుక తయారీదారు మాన్యువల్‌ను చూడడం తప్పనిసరి.

ఎస్‌ఎంపీఎస్‌పై పెద్ద అక్షరాల్లో ఉండే మొత్తం వాట్ల కన్నా లేబుల్‌లో 12 వోల్టుల వరుసలో ఉన్న ఆంపియర్ల అంకె ముఖ్యం. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా ఆధారపడేది దానిపైనే. 12 వోల్టుల వద్ద 20 ఆంపియర్లంటే 240 వాట్లు. పెట్టెపై 450 అని ఉన్నప్పటికీ ఈ వరుస బలహీనంగా ఉంటే కార్డుపై భారం పడగానే కంప్యూటర్ ఆగిపోతుంది.

సాటా కనెక్టర్‌ను 6 పిన్నుల కనెక్టర్‌గా మార్చే చౌక అడాప్టర్లు మార్కెట్లో దొరుకుతాయి. డిస్కుల కోసం రూపొందించిన సాటా కనెక్టర్ 12 వోల్టుల వద్ద 54 వాట్లకు మాత్రమే ఉద్దేశించినది. దాని నుంచి 75 వాట్లు లాగితే ప్లాస్టిక్ కరిగి మంటలు చెలరేగే ప్రమాదం ఉంది. ఈ అడాప్టర్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ వాడరాదు.

యూపీఎస్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇళ్లలో తరచుగా కనిపించే 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్ల వరకే భరిస్తాయి. పెద్ద కార్డు, మానిటర్ కలిసి ఆ హద్దు దాటితే కరెంటు పోయిన క్షణంలోనే కంప్యూటర్ ఆరిపోతుంది.

స్లాటు, స్థలం, బయోస్

మదర్‌బోర్డుపై ఉన్న పొడవైన పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో గ్రాఫిక్స్ కార్డు అమరుతుంది. ఈ ప్రమాణంలో తరాలు వేరైనా పరస్పరం కలుస్తాయి. కొత్త తరం కార్డు పాత స్లాటులో తక్కువ వేగంతో పనిచేస్తుంది. 16 వరుసలున్న స్లాటు రెండో తరంలో సెకనుకు సుమారు 8 గిగాబైట్లు, మూడో తరంలో సుమారు 16 గిగాబైట్ల సమాచారాన్ని ఒక దిశలో పంపగలదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని చౌక కార్డుల స్లాటు అంచు చూడడానికి పొడవుగా ఉన్నా లోపల వాడేది 4 వరుసలే. 2022లో వచ్చిన ఏఎండీ రేడియాన్ ఆర్ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ ఆ కోవకు చెందుతాయి. నాలుగో తరం స్లాటును దృష్టిలో పెట్టుకుని రూపొందించిన ఈ కార్డులను పాత స్లాటులో పెడితే కార్డు మెమరీ చాలని ఆటల్లో వేగం గణనీయంగా పడిపోతుంది. కొత్తదనే ఒక్క కారణంతో కార్డును ఎంచుకోరాదనడానికి ఇది మంచి ఉదాహరణ.

స్థలాన్ని స్కేలుతో కొలవాలి. స్లాటు నుంచి ముందువైపు డిస్కుల అర వరకు ఎంత ఖాళీ ఉందో, కార్డు ఒక స్లాటు మందమా, రెండు స్లాట్ల మందమా అన్నది చూసుకోవాలి. సన్నని క్యాబినెట్లలో తక్కువ ఎత్తు గల లో ప్రొఫైల్ కార్డులు మాత్రమే పడతాయి.

సుమారు 2012కు ముందు తయారైన అనేక మదర్‌బోర్డులు పాత బయోస్‌తోనే నడుస్తాయి. యూఈఎఫ్ఐ పద్ధతికి అలవాటుపడిన కొన్ని కొత్త కార్డులు వాటిలో తెరను వెలిగించకపోవచ్చు. ఇంటెల్ ఆర్క్ కార్డులు పూర్తి సామర్థ్యంతో పనిచేయడానికి రీసైజబుల్ బార్ అనే సదుపాయం అవసరం. పాత బోర్డుల్లో అది సాధారణంగా ఉండదు. కనుక 2012 నాటి కంప్యూటర్‌కు ఆర్క్ కార్డు తగిన ఎంపిక కాదు.

ఒక ఉదాహరణ

పాత కంప్యూటర్ల మార్కెట్లలో కనిపించే డెల్ ఆప్టిప్లెక్స్ 7010 మినీ టవర్‌ను పరిశీలిద్దాం. ఇదే పేరుతో 2023లో మరో నమూనా వచ్చింది కనుక ఇక్కడ చెబుతున్నది 2012 నాటి దానిని గురించి అని గమనించాలి. ఇందులో ఎస్‌ఎంపీఎస్ సామర్థ్యం 275 వాట్లు. ఐ5-3470 ప్రాసెసర్ ఉంటే కోర్లు 4. అంతర్గత గ్రాఫిక్స్ ఇంటెల్ హెచ్‌డీ 2500. ప్రధాన స్లాటు మూడో తరానిది.

ఇటువంటి పెట్టెకు అదనపు వైరు అవసరం లేని, 75 వాట్ల లోపు కార్డే తగినది. 2019లో వచ్చిన ఎన్‌విడియా జీటీఎక్స్ 1650 16 వరుసలనూ వాడుకుంటుంది. అయితే కొన్ని కంపెనీల నమూనాలకు 6 పిన్నుల వైరు కావాలి కనుక కొనేముందు గమనించాలి. 2024లో వచ్చిన 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 గరిష్ఠంగా 70 వాట్లు తీసుకుంటుంది. ఇది 8 వరుసలను వాడుతుంది. ఏవీ1 వీడియోలను కూడా విప్పగలదు. అంతకు మించిన కార్డు పెట్టినా ఆ నాటి ప్రాసెసర్ దానికి తగినంత వేగంగా పని అందించలేదు. బండి ఎంత పెద్దదైనా లాగే ఎద్దులవే కదా.

వాడిన కార్డులు కొనేవారికి జాగ్రత్తలు

2022 సెప్టెంబర్‌లో ఎథీరియం తన విధానాన్ని మార్చుకోవడంతో ఆ క్రిప్టోకరెన్సీ మైనింగ్‌కు గ్రాఫిక్స్ కార్డుల అవసరం తీరిపోయింది. ఆ పనిలో రాత్రింబగళ్లు నడిచిన కార్డులు అనేకం పాత వస్తువుల మార్కెట్లోకి వచ్చాయి. వాటిలో అన్నీ చెడ్డవని కాదు. అయితే ఫ్యాన్లు అరిగి ఉండవచ్చు. దుకాణంలోనే అరగంట సేపు భారం పెట్టి నడిపి చూసిన తరువాత, బిల్లు తీసుకుని కొనడం ఉత్తమం.

నకిలీల బెడద కూడా ఉంది. పాత కార్డులోని సాఫ్ట్‌వేర్‌ను మార్చి కొత్త పేరుతో అమ్మే మోసాలు జరుగుతున్నాయి. జీపీయూ-జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2018 నుంచి ఇటువంటి అనేక నకిలీ కార్డులను గుర్తించి చూపుతున్నది.

డ్రైవర్ల గడువును కూడా చూడాలి. జీటీఎక్స్ 750 టీఐ, 1050 టీఐ వంటి పాత ఎన్‌విడియా కార్డులకు కొత్త ఆటలకు అనుగుణమైన డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ముగిశాయి. భద్రతా సవరణలను 2028 అక్టోబర్ వరకు అందిస్తామని సంస్థ ప్రకటించింది.

బిగించే విధానం

ముందుగా ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసుకోవాలి. కంప్యూటర్‌ను ఆపి, కరెంటు వైరును పూర్తిగా తీసివేసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి ఉంచాలి. మూత తీసిన తరువాత దుమ్మును మెత్తని బ్రష్‌తో తొలగించాలి. శరీరంలోని స్థిరవిద్యుత్తు పోయేందుకు క్యాబినెట్ లోహ భాగాన్ని తాకి పని మొదలుపెట్టాలి.

ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్న పొడవైన స్లాటును ఎంచుకుని, దాని వెనుకనున్న రేకును తొలగించి, కార్డును అంచుల వద్ద పట్టుకుని నిటారుగా నొక్కాలి. స్లాటు చివరి గొళ్లెం పడిన తరువాత స్క్రూ బిగించాలి. మానిటర్ కేబులును మదర్‌బోర్డుకు కాక కొత్త కార్డుకే కలపాలి; తెర వెలగలేదన్న ఫిర్యాదుకు ఇది సాధారణ కారణం. కొత్త కార్డులకు పాత వీజీఏ అవుట్‌పుట్ ఉండదు కనుక పాత మానిటర్ ఉన్నవారికి కన్వర్టర్ అవసరమవుతుంది. చివరగా తయారీదారు వెబ్‌సైటు నుంచే డ్రైవర్లను తీసుకోవాలి.

కార్డు తీసుకునే విద్యుత్తు అంతా చివరకు వేడిగా మారి క్యాబినెట్‌లోకే చేరుతుంది. వేసవిలో ఉష్ణోగ్రతలు 40 డిగ్రీలు దాటే తెలుగు రాష్ట్రాల్లో పెట్టెను గోడకు ఆనించి, బల్ల అరలో మూసి ఉంచడం సరికాదు. గాలి వెళ్లే దారులు తెరిచి ఉండాలి.

ఎక్కడ ఆగాలి?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0తో పాటు, ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్ అవసరం. మూడో తరం ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్‌కు ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అమర్చినా ఆ అర్హత రాదు. ఈ వాస్తవం తెలిసి ఖర్చు చేయడం వేరు, తెలియక చేయడం వేరు. లినక్స్ వాడేవారికి ఈ పరిమితి లేదు.

ఒక హద్దు గుర్తుంచుకోవచ్చు. కార్డుతో పాటు ఎస్‌ఎంపీఎస్, ర్యామ్, క్యాబినెట్ కూడా మార్చవలసి వస్తే అది కంప్యూటర్‌ను మెరుగుపరచడం కాదు, విడతలవారీగా కొత్తది కొనడం. అప్పుడు ఆ మొత్తాన్ని కొత్త తరం యంత్రానికి కేటాయించడమే లాభం. కార్డు ఒక్కటే చాలుననుకున్నప్పుడు, తరువాత మరో కంప్యూటర్‌లోకి మార్చుకోదగిన కార్డును ఎంచుకుంటే ఆ డబ్బు వృథా కాదు.

తొలగించిన భాగాలను చెత్తబుట్టలో వేయరాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇటువంటి పరికరాల రీసైక్లింగ్ బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచాయి. నమోదిత రీసైక్లింగ్ కేంద్రాలకు అప్పగించడమే సరైన మార్గం. పనిచేస్తున్న పాత భాగమైతే, దానితో సరిపెట్టుకోగల మరో విద్యార్థికి చేర్చడం అంతకన్నా మేలు.